కర్ర గుర్రానికి తాళం

1945లో ఎంజీఎం సంస్థ తీసిన ‘యాంకర్స్ అవే’ అనే సంగీత చిత్రంలో ఒక బడి సన్నివేశం ఉంది. నావికుడి వేషంలో ఉన్న జీన్ కెల్లీని, నీకా పతకం ఎలా వచ్చిందో చెప్పమని పిల్లలు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెబితే పిల్లలు ఎంతసేపు వింటారు? అందుకని అతను కోతలు మొదలుపెడతాడు. అనగనగా ఒక రాజ్యం, అందులో ఆటా పాటా నిషేధం. ఆ శాసనం వేసిన రాజు తీరా చూస్తే ఓ బుల్లి ఎలుక. మనకు ‘టామ్ అండ్ జెర్రీ’లో తెలిసిన జెర్రీయే. తనకు ఆడటం, పాడటం చేతకాదు కాబట్టి ఇంకెవరూ చెయ్యకూడదన్నాడు. నావికుడు వాడికి అడుగులు నేర్పుతాడు. ఇద్దరూ కలిసి ఆడతారు. సంతోషం పట్టలేక రాజు పతకం తగిలిస్తాడు. కథ కంచికి.

ఆ నాట్యాన్ని ఇవాళ చూసినా ఎలుక పాదం నేలకు తగిలినట్టే ఉంటుంది. తగలడానికి అక్కడ పాదమే లేదు, పారదర్శకమైన సెల్యులాయిడ్ మీద పూసిన రంగు మాత్రం ఉంది. దానికి బరువు లేదు, కీలు లేదు, నేల లేదు. బొమ్మ అందంగా గీశారు కాబట్టి ప్రాణం వచ్చిందని సులువుగా అనేస్తాం. గీతకు అందులో వాటా ఉన్నమాట నిజమే గాని, పెద్ద వాటా కాలానిది. ఏ బొమ్మ ఎంతసేపు ఉండాలి, ఏ అడుగు ఏ క్షణాన పడాలి అన్న లెక్కది. ఈ అధ్యాయమంతా ఆ లెక్క గురించే.

ముందు తయారైంది ఎలుక కాదు, పాట. రికార్డు చేసిన పాట వినిపిస్తూ కెల్లీ చేత ఒంటరిగా ఆడించి కెమెరాతో తీశారు. ప్లేబ్యాక్ పాటల మధ్య పెరిగిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడే పాట గుర్తు చేసుకోండి. మాధవపెద్ది సత్యం గొంతు ముందు, ఎస్వీ రంగారావు నోరు తరువాత, మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయలు ఆ గొంతు నడిచే వేగంలోనే. కెల్లీకి ఇంకో చిక్కు కూడా ఉంది. లేని ఎలుకని చూడాలి, లేని ఎలుకని చేత్తో పట్టుకోవాలి, అది కాళ్ళ మధ్య నుంచి దూరిపోతే చూపు దాని వెంటే పోవాలి. చూపు బెత్తెడు అటూ ఇటూ అయితే ఎలుకని ఎక్కడ గీసినా అతికినట్టుండదు.

తరువాత ఆ ఫిల్ములోని ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా కాగితం మీదికి ప్రసరింపజేసి, కెల్లీ ఆకారాన్ని పెన్సిలుతో గీసుకున్నారు. ఈ పనిముట్టు పేరు రోటోస్కోపు. మాక్స్ ఫ్లైషర్ దానికి 1915లో పేటెంటు కోరి 1917లో పొందాడు. ఆ గీతల మీద మరో కాగితం పరిచి విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాల బృందం జెర్రీని గీసింది. ఆ బొమ్మల్ని సెల్యులాయిడ్ మీదికి ఎక్కించి, రంగులేసి, ఫొటోలు తీసి, ప్రయోగశాలలో రెండు ఫిల్ముల్నీ ఒకటి చేశారు. అంతా అయ్యాక వేసి చూసుకుంటే ఏదో తేడాగా ఉందట. నున్నటి నేల మీద కెల్లీ నీడ తలకిందులుగా కనిపిస్తోంది, ఎలుకకు మాత్రం ప్రతిబింబం లేదు! మళ్ళీ కూచుని ప్రతి ఎలుకకీ కిందొక తలకిందుల ఎలుకని గీశారు. ప్రేక్షకుల్లో ఎవరూ ‘అబ్బ, ప్రతిబింబం ఎంత బాగుందో’ అనుకుని ఉండరు. అది లేకపోతే మాత్రం ఎలుక గాల్లో తేలుతున్నట్టుండేది.

ఇక లెక్కలోకి వద్దాం. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. అంటే నిమిషానికి 1440. పాట నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఉంటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య సరిగ్గా 12 ఫ్రేములు. 90 అయితే 16, 180 అయితే 8. సంగీతం తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక తమాషా కనిపిస్తుంది. దెబ్బకు 12 ఫ్రేములంటే ఆదితాళం ఒక ఆవర్తనం 96 ఫ్రేములు, నాలుగు సెకన్లు. పన్నెండుని నాలుగుతో భాగిస్తే మూడు, కాబట్టి చతురశ్ర నడక ఇమిడిపోతుంది. మూడుతో భాగిస్తే నాలుగు, తిశ్రమూ ఇమిడిపోతుంది. ఖండ నడక దగ్గర తేడా కొడుతుంది. పన్నెండు అయిదుతో పోదు. ఖండంలో బొమ్మని ఆడించాలంటే దెబ్బకు 10 ఫ్రేములు తీసుకోవాలి, అంటే పాటని నిమిషానికి 144కి పెంచాలి. మిశ్రానికి 14 ఫ్రేములు, సుమారు 103 దెబ్బలు. దెబ్బకు పన్నెండు ఫ్రేముల్ని సంగీతకారులూ చిత్రకారులూ అంతగా ఇష్టపడటానికి ఈ భాగహారం ఒక కారణం. నాలుగుగా కోసినా, మూడుగా కోసినా ముక్క మిగలదు.

యానిమేషన్‌లో మామూలుగా ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచుతారు. సెకనుకు పన్నెండు బొమ్మలు గీస్తే చాలు, పని సగానికి తగ్గుతుంది. నాట్యానికి మాత్రం ఈ పొదుపు పనికిరాదు. పన్నెండు ఫ్రేముల దెబ్బలో నాలుగు ట్యాపులు వేస్తే ఒక్కో ట్యాపుకి మూడు ఫ్రేములు. మూడు రెండుతో పోదు. పైగా పక్కన కెల్లీ ప్రతి ఫ్రేములోనూ కదులుతున్నాడు. ఎలుక రెండు ఫ్రేములకోసారి కదిలితే ఇద్దరూ ఒకే నేల మీద ఉన్నట్టు కనిపించరు, ఎలుక వణికిపోతుంది. కాబట్టి ఫ్రేముకో బొమ్మ గీయాల్సిందే.

ఈ లెక్కకు దారి వేసింది 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’. మిక్కీ మౌస్‌ని లోకానికి పరిచయం చేసిన చిత్రం అది. డిస్నీ దగ్గర కొత్తగా చేరిన విల్‌ఫ్రెడ్ జాక్సన్ తల్లి సంగీతం నేర్పేది. ఇంట్లో మెట్రోనోము చూసి పెరిగినవాడు. ఫిల్ము వేగం మారదు, మెట్రోనోము వేగం మారదు, కాబట్టి రెంటినీ ముడిపెట్టొచ్చు కదా అన్నాడు. దెబ్బకిన్ని ఫ్రేములని ముందే చీటీ రాసుకుని బొమ్మలు గీశారు. తీరా న్యూయార్కులో వాద్యబృందంతో రికార్డు చెయ్యబోతే మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. తెర మీది బొమ్మ వేగాన్ని మనుషులు అందుకోలేకపోయారు. వాల్ట్ డిస్నీ కారు అమ్మి డబ్బు తెచ్చి రెండోసారి రికార్డు చేయించాడు. ఈసారి ఫిల్ము మీదే ఎగిరిపడే బంతిని ముద్రించి, కండక్టరుకి దాన్ని చూస్తూ చెయ్యి ఊపమన్నారు. మరుసటి ఏడు ‘స్కెలిటన్ డాన్స్’ వచ్చేసరికి కార్ల్ స్టాలింగ్ అనే సంగీత దర్శకుడు వాద్యకారులకు టిక్కుటిక్కుమనే చప్పుడు వినిపించే పద్ధతి పట్టుకున్నాడు. ఇవాళ రికార్డింగు థియేటరులో గాయకుల చెవిలో మోగే క్లిక్ ట్రాక్‌కి మూలం అక్కడుంది. మన సినిమా పాట సైతం అస్థిపంజరాల ఆటకి కొంత రుణపడి ఉందన్నమాట.

సరే, ఇంత పట్టుదల దేనికి? ఒకటి రెండు ఫ్రేములు తప్పితే ఎవరికి తెలుస్తుంది?

తెలుస్తుంది. ఎందుకో తెలియాలంటే కన్నూ చెవీ కాలాన్ని ఎలా కొలుస్తాయో చూడాలి. నిశ్చల చిత్రాలు వెంటవెంటనే చూపిస్తే కదలిక కనిపించడానికి కారణం కంటిలో బొమ్మ కాసేపు నిలిచిపోవడమేనని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ బొమ్మలు నిలిచిపోతే ఒకదాని మీద ఒకటి పేరుకుపోవాలి గాని కదలకూడదు. జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్ 1912లో ప్రచురించిన ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. రెండు గీతల్ని ఒకదాని తరువాత ఒకటి చూపించాడు. మధ్య వ్యవధి సెకనులో అయిదో వంతు ఉంటే రెండు గీతలు విడివిడిగా, వరసగా కనిపించాయి. 30 మిల్లీసెకన్లకు తగ్గిస్తే రెండూ ఒకేసారి కనిపించాయి. సుమారు 60 దగ్గర మాత్రం ఒకే గీత ఇక్కడి నుంచి అక్కడికి కదిలినట్టు కనిపించింది. లేని కదలికని మెదడే కల్పించుకుంది. సినిమా ఫ్రేము 42 మిల్లీసెకన్లు, రెండు ఫ్రేముల బొమ్మ 83. రెండూ ఆ 60కి అటూ ఇటూ పడతాయి.

చెవి ఇంతకన్నా చాలా చురుకు. రెండు మూడు మిల్లీసెకన్ల నిశ్శబ్దాన్ని కూడా అది పసిగడుతుంది. అందుకే కాలం విషయంలో కన్నూ చెవీ తగువు పడితే మెదడు చెవి మాటే వింటుంది. 2000లో లాదన్ షామ్స్ బృందం చేసిన ప్రయోగం దీనికి చక్కని సాక్ష్యం. తెర మీద ఒక్కసారే మెరుపు మెరిపించి, అదే సమయంలో రెండు ‘బీప్’లు వినిపించారు. చూసినవాళ్ళు రెండు మెరుపులు చూశామన్నారు! జెర్రీ బుల్లి పాదాల కింద ట్యాపు చప్పుడు వినిపించినప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. ట్యాపు నాట్యాల్లో చాలావాటికి కాళ్ళ చప్పుడు షూటింగు అయ్యాక విడిగా రికార్డు చేసేవాళ్ళు. పాదాన్ని గీతలు చూపిస్తాయి, దెబ్బని చెవి వింటుంది, నేలని మెదడు తయారు చేసుకుంటుంది.

ఈ తగువులో ఇంకో మెలిక ఉంది. చప్పుడు కాస్త ఆలస్యమైతే మనం సర్దుకుపోతాం, తొందరపడితే మాత్రం ఇట్టే పట్టేస్తాం. టీవీ ప్రసారాలకు అంతర్జాతీయ సంస్థ ఐటీయూ ఇచ్చిన కొలతలో చప్పుడు 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనానికి తెలిసిపోతుంది. వెనకబడితే 125 దాకా తెలియదు. కారణం మనం బతికే లోకంలోనే ఉంది. చెరువు అవతలి గట్టున చాకలి బట్ట బండకేసి కొట్టడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరువాత వినిపిస్తుంది. చప్పుడు ముందు వినిపించి బట్ట తరువాత బండకు తగలడం ఏ చెరువు గట్టునా జరగదు. గాలిలో ధ్వని ఒక ఫ్రేము కాలంలో సుమారు 14 మీటర్లు పోతుంది. అంటే హాల్లో స్పీకరుకు అంత దూరాన కూచున్నవాళ్ళకి అంతా ఒక ఫ్రేము ఆలస్యంగానే వినిపిస్తుంది, ఎవరూ టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడగరు. యానిమేటర్లు ఈ సంగతి అనుభవం మీద కనిపెట్టారు. అడుగు నేలకు తగిలే బొమ్మని తాళం దెబ్బ కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందుకు జరుపుతారు. ఖచ్చితంగా దెబ్బ మీదే వేస్తే ఎందుకో మందంగా ఉంటుంది.

అంటే రోటోస్కోపుతో మంచి నర్తకిని అలాగే దించేస్తే పని అయిపోయినట్టేనా? అలా అనుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ‘స్నో వైట్’ (1937) కోసం డిస్నీ వాళ్ళు మార్జ్ బెల్చర్ అనే అమ్మాయి చేత ఆడించి ఫిల్ము తీశారు. తరువాత మార్జ్ ఛాంపియన్ పేరుతో హాలీవుడ్ సంగీత చిత్రాల్లో పేరు తెచ్చుకున్న నర్తకి ఆవిడే. ఆమె కదలికని ఉన్నదున్నట్టు దించిన చోట బొమ్మ చప్పగా, తేలిపోతూ వచ్చింది. కారణం ఉంది. కెమెరా ఒక ఫ్రేముని తీసేటప్పుడు దాని రెక్క సెకనులో 48వ వంతు తెరుచుకుని ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో కదిలిన చెయ్యి ఫొటోలో అలుక్కుపోతుంది. ఆ మసకే వేగానికి గుర్తు. పెన్సిలుతో దించేవాడు మసకని వదిలేసి అంచు గీస్తాడు. వేగం కాగితం మీదికి రాదు. అందుకని నేర్పరులు ఫిల్ముని చూసి, పక్కన పెట్టి, మళ్ళీ కొత్తగా గీశారు. ఎగరబోయే ముందు ఇంకాస్త కుంగేలా, దిగేటప్పుడు ఇంకాస్త నొక్కుకుపోయేలా, గాల్లో ఒక ఫ్రేము ఎక్కువ ఉండేలా. ‘డోవర్ బాయ్స్’ (1942)లో చక్ జోన్స్ బృందం ఇంకో అడుగు ముందుకేసి, మనిషిని ఒక చోటు నుంచి ఇంకో చోటికి సాగదీసిన రంగు చారలా గీసేసింది. ఆ ఒక్క ఫ్రేముని ఆపి చూస్తే వికారంగా ఉంటుంది. ఆపకపోతే ఎంత చురుగ్గా ఉంటుందో!

కదలిక నిజం కావడానికి బొమ్మ అబద్ధం ఆడాలన్నమాట. పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

కర్రపుల్ల కాళ్ళ మధ్య పెట్టుకుని ‘డుగుడుగు’మంటూ వీధి చివరిదాకా పరిగెత్తే పిల్లవాడిని చూడండి. ఆ పుల్లకు గుర్రం పోలిక ఏమాత్రం లేదు. గుర్రం ఫొటో ఇచ్చి ఇది నీ గుర్రం అంటే వాడు ఒప్పుకోడు, దాన్నెక్కి పరిగెత్తడం కుదరదు మరి. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోత్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో సరిగ్గా ఈ మాటే చెప్పాడు. ఏ కర్రయినా గుర్రం కాగలదు గాని పోస్టుకార్డు గుర్రం కాలేదు. కళా చరిత్రకారుడు గాంబ్రిచ్ 1951లో కర్ర గుర్రం మీదే ఒక వ్యాసం రాసి, బొమ్మకు పోలిక కంటే అది చేసే పని ముఖ్యమన్నాడు. పిల్లవాడి గుర్రం పరుగులో ఉంది, ఆ డుగుడుగు లయలో ఉంది. లయ ఆగితే అది మళ్ళీ కర్రే.

ఇది పిల్లల అమాయకత్వం కాదు, పెద్దవాళ్ళ మెదడు చేసేదీ అదే. అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అట్టముక్కలతో ఓ చిన్న యానిమేషన్ తీసి, తమ పరిశోధనని 1944లో ప్రచురించారు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చుక్కలాంటి వృత్తం, తలుపున్న ఒక పెట్టె. అంతే పాత్రలు. కళ్ళు లేవు, నోరు లేదు. ఏం చూశారో రాయమంటే 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ కథలు రాశారు. పెద్దది రౌడీ అన్నారు, చిన్నది ధైర్యవంతుడన్నారు, వృత్తం భయపడి దాక్కుందన్నారు. ఆ ఒక్కరు మాత్రం ఆకారాలు కదిలాయని రాసి ఊరుకున్నారు. ఈ పరిశోధన వెలువడిన మరుసటి ఏడే కెల్లీ పక్కన ఎలుక ఆడింది. సినిమా వాళ్ళు ఈ పరిశోధన చదివారని కాదు. త్రిభుజానికే మనసు అంటగట్టే మెదడుకి, చెవులూ తోకా కిరీటం ఉన్న ఎలుకని రాజుగా ఒప్పుకోవడం ఓ లెక్కా?

బాల్యపు ఊహని చిత్రంగా తీసినవాళ్ళలో నాకు అందరికంటే నచ్చేది జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ దంపతులు. వాళ్ళ ‘మూన్‌బర్డ్’ (1959)లో ఇద్దరు పిల్లలు రాత్రిపూట ఇంట్లోంచి జారుకుని ఓ పిట్టని పట్టబోతారు. ఆస్కారు గెలిచిన ఈ పది నిమిషాల చిత్రానికి సంభాషణలు ఎవరూ రాయలేదు. హబ్లీలు తమ కొడుకులిద్దరూ ఆడుకుంటుంటే ఆ మాటల్ని టేపు మీద పట్టి, వాటికి తగ్గట్టు బొమ్మలు గీశారు. ఎలుక నాట్యానికీ దీనికీ శైలిలో పోలికే లేదు. అక్కడ మెరిసే అంచులు, ఇక్కడ వెనకదంతా కనిపించేంత పలుచని మసక మనుషులు. కానీ పని జరిగిన వరస ఒకటే. చప్పుడు ముందు, బొమ్మ వెనక. చప్పుడులోనే తేడా. పాట తాళానికి కట్టుబడి ఉంటుంది. పిల్లల మాట ఏ తాళానికీ లొంగదు. మధ్యలో ఆగుతారు, నత్తుతారు, గుసగుసలాడుతూ ఉన్నట్టుండి అరుస్తారు, ఆట మధ్యలో ఇంకేదో గుర్తొస్తుంది. టేపుని ఫ్రేము ఫ్రేముకీ విని, ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఎక్స్‌పోజరు షీటు అనే ఫ్రేముల పట్టిక మీద రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. పాటకు గీసేవాడు భాగహారంతో గట్టెక్కుతాడు. పిల్లల మాటకు గీసేవాడికి వినికిడే దిక్కు.

ఇవాళ ఈ పని చెయ్యాలంటే సెల్యులాయిడ్ అక్కర్లేదు. బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇంట్లోనే బొమ్మలు గీసి ఆడించొచ్చు. లెక్క మాత్రం మారలేదు. మూడు నిమిషాల చిత్రమంటే 4320 ఫ్రేములు. మాటల చోట రెండేసి, నాట్యం చోట ఒక్కొక్కటి అనుకుంటే మూడు వేల బొమ్మల పైచిలుకు. అందుకే ఎవరూ నేరుగా గీతలోకి దిగరు. ముందు స్టోరీబోర్డు, తరువాత ఆ బొమ్మల్నే పాటకు తగ్గట్టు నిలబెట్టిన యానిమేటిక్. చిత్రం బాగుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది. యానిమేటిక్‌లో నడవని పాట రంగులద్దితే నడుస్తుందని ఆశపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. పెద్ద సంస్థలు కూడా ఈ వరసని వదల్లేదు. 2021లో డిస్నీ తీసిన ‘అస్ అగైన్’లో ఒక్క మాట కూడా లేదు. వానలో తడుస్తూ యౌవనం తిరిగొచ్చిన ముసలి దంపతులు ఊరంతా ఆడతారు. జాక్ పారిష్ దర్శకుడు, పినార్ టోప్రాక్ సంగీతం. కియోన్, మారి మాడ్రిడ్ అనే నర్తక దంపతులు అడుగులు కూర్చారు. కంప్యూటరు బొమ్మలైనా వాటి వెనక నిజమైన ఒళ్ళు కదిలింది.

పాటనీ, పిల్లల మాటనీ ఒకే చిత్రంలో కలపాలనుకునేవాళ్ళకే అసలు కష్టం. వాళ్ళు సాధారణంగా చేసే పని పిల్లవాడి చెవిలో క్లిక్ ట్రాక్ పెట్టి మాట్లాడించడం. దెబ్బ సరిపోతుంది, పిల్లవాడు మాయమైపోతాడు. వచ్చేది అప్పజెప్పే పాఠం. నన్నడిగితే పిల్లవాడినే ముందు రికార్డు చేసి, సంగీతాన్ని వాడి వెంట నడిపించమంటాను. అది పాతకాలంలో గగనం గాని ఇప్పుడు సాఫ్ట్‌వేరులో టెంపోని దెబ్బ దెబ్బకీ మార్చుకోవచ్చు. పిల్లవాడు ‘అదిగో’ అని ఊపిరి పీల్చుకున్న చోట దెబ్బని సాగదీసి, మళ్ళీ పరుగందుకున్న చోట యథాస్థితికి తేవాలి. వాద్యకారుడు ఆ చోట కొంచెం విసుక్కుంటాడు. ఎక్స్‌పోజరు షీటులో మాత్రం ఆ నాలుగు దెబ్బలూ 12, 12, 15, 12 అని పడతాయి. మూడోదానిలో మిగిలిన మూడు ఫ్రేముల్లో బొమ్మ ఏం చెయ్యాలో యానిమేటరు ఆలోచించుకోవాలి.